ఐసు ఫ్యాక్టరీ టీవీకి పదికి పది

నేను ఒక టీవీని. ఇప్పటివాటిలా గోడకి అంటుకుపోయే అప్పడం రకాన్ని కాదు. ముందు అద్దం, వెనక బానపొట్ట, మోయాలంటే ఇద్దరు మనుషులు కావాలి. నేను పుట్టిన చోట నన్ను అరగంట వెలిగించి చూసి, 'బాగుంది' అని చీటీ అంటించారు. అంత తొందరగా మెచ్చుకున్నవాళ్లు నాకు మళ్లీ దొరకలేదు.

మొదట ఒక లాడ్జీలో ఉన్నాను. అక్కడ నన్ను పెట్టి నిద్రపోయేవారు. తరవాత ఒక సెలూన్‌లో. అక్కడ సగం గడ్డం గీయించుకున్నవాడు కూడా ఛానెల్ మార్చమని చెయ్యెత్తేవాడు. మార్చి మార్చి నా మీట కాస్తా లోపలికి దిగబడి, ఆటల ఛానెల్ దగ్గర ఇరుక్కుపోయింది. అలా పనికిరానిదాన్నయ్యాక విశాఖపట్నం చేపల రేవులో ఒక ఐసు ఫ్యాక్టరీకి చేరాను. యజమాని సత్యంగారు నన్ను ఆఫీసు గదిలో తలుపుకి ఎదురుగా పెట్టించారు. అక్కణ్ణుంచి నాకు ఫ్యాక్టరీ గచ్చంతా కనబడేది.

ఆ గచ్చుకి రాజు ఎల్లాజీ. మనిషంత ఐసు దిమ్మని కొక్కెంతో లాగి ఒక్క తోపు తోస్తే, అది తడి గచ్చు మీద జారుకుంటూ వెళ్లి, ఐసుని పిండి కొట్టే మిషను నోటి దగ్గర సరిగ్గా ఆగేది. ముప్ఫై ఏళ్లలో తన చేతిలో దిమ్మ పగల్లేదని, తన కాలు జారలేదని రోజుకి రెండుసార్లు చెప్పేవాడు. జనవరిలో ఒకనాడు జారాడు. దిమ్మకన్నా ముందు అతనే మిషను దగ్గరికి చేరాడు. చేపల గంపలోకి ఐసు కోసం వచ్చిన పైడితల్లి ఊరుకుంటుందా?

"బావా, నిన్ను కూడా పిండి సేసీసి గంపలో ఎయ్యమంతావేటి?" అంది.

సాయంత్రానికల్లా ఆ మాట పడవ పడవకీ పాకింది. డాక్టరు ఎముకలన్నీ బాగున్నాయన్నాడు గానీ, ఎల్లాజీకి తల కొట్టేసినట్టయింది. మళ్లీ గచ్చు మీద కాలు పెట్టలేదు. నా ముందు కుర్చీ వేసుకుని, గచ్చుకి వీపు పెట్టి కూర్చున్నాడు. సత్యంగారు నెల రోజులు ఓపిక పట్టారు. "వచ్చే సోమవారానికి పనిలోకి దిగకపోతే వేరే మనిషిని చూసుకుంటానయ్యా" అన్నారు చివరికి.

సరిగ్గా ఆ వారమే నాలో చలికాలపు ఆటల పోటీలు మొదలయ్యాయి. మధ్యాహ్నం స్విచ్చి వేస్తే చాలు, ఎటు చూసినా మంచు, ఐసు.

"ఇక్కడా ఐసేనా? ఆపీరా బావూ" అని ఎల్లాజీ మొహం చిట్లించాడు. మిషను దగ్గర పనిచేసే నూకరాజు ఆపలేదు.

అయినా ముప్ఫై ఏళ్ల పనివాడు ఎంతసేపని ఊరుకుంటాడు? "ఐసు బాగా కట్టినారు. లోపల బుడగ నేదు" అని మొదటిరోజే ఒప్పేసుకున్నాడు. రెండోరోజు ఒక వింత ఆట వచ్చింది. పిడి ఉన్న గుండ్రాయిని ఐసు మీద జార్చి, దాని ముందు ఇద్దరు బ్రష్షులతో తుడుచుకుంటూ పరిగెడతారు. పైడితల్లి గంప దించి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఐసు మీద సెత్త ఎక్కడుంతాది? అంత కంగారుగా తుడుత్తన్నారు!"

"సెత్త కోసం కాదే. తుడిత్తే రాయి ఇంకొంచెం దూరం జారతాది" అన్నాడు ఎల్లాజీ, ఆమె వైపు చూడకుండానే. నెల తరవాత ఆమెతో అతను ఆడిన మొదటి మాట అది.

ఇక పడటాలు! నేను చూపించినన్ని పడటాలు ఆ రేవులో ఎవరూ చూసి ఉండరు. కాళ్లకి పలకలు కట్టుకుని మంచుకొండ మీంచి దిగేవాళ్లు దొర్లారు. ఐసు మీద పరుగు పందెంలో ముందున్నవాడు జారి, వెనకున్న ముగ్గుర్నీ పడగొట్టాడు. అందరూ వాళ్ల వాళ్ల దేశాల్లో మొనగాళ్లే. ఎల్లాజీ సుద్దముక్క తెచ్చి, పడిన ప్రతివాడికీ నా పక్క గోడ మీద ఒక గీత గీశాడు. శనివారానికి నలభై మూడయ్యాయి. ఎవరూ అడక్కుండానే, "నలభై నాలుగోది నాది" అని తనే ఇంకోటి గీశాడు.

ఆదివారం ఒక బక్కపలచని పిల్ల పాటకి తగ్గట్టు ఐసు మీద నాట్యం చేసింది. గాలిలో గిరగిరా తిరిగి దిగుతూ పడింది. లేచింది. మళ్లీ ఎగిరి మళ్లీ పడింది. మళ్లీ లేచి, పాట అయ్యేవేళకి రెండు చేతులూ చాచి నవ్వుతూ నిలబడింది. జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. మార్కులు పడ్డాయి.

"పడిపోనాదని ఆట ఆపనేదు, సూసినావా?" అన్నాడు ఎల్లాజీ. కండువాతో కళ్లు తుడుచుకుని, వెలుగు ఎక్కువైందని నన్ను తిట్టాడు. ఆ తిట్టుకి నాకెంత సంతోషమైందో చెప్పలేను.

సోమవారం పొద్దున్నే కొక్కెం పట్టుకుని గచ్చు మీదకి దిగాడు. మొదటి దిమ్మ చక్కగా వెళ్లింది. రెండోదీ అంతే. మూడోదానికి కాలు జారి దబ్బున పడ్డాడు. నూకరాజు, వరుసలో ఉన్న పైడితల్లి, గుమ్మంలో సత్యంగారు, అందరూ ఎక్కడివాళ్లక్కడే ఉండిపోయారు. నా గుండె, అంటే ఆ బానపొట్టలోదేదో, ఆగినంత పనైంది. ఎల్లాజీ మెల్లగా లేచాడు. లుంగీ సర్దుకున్నాడు. ఆ పిల్లలాగే రెండు చేతులూ చాచి, పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

"ఆరు!" అని అరిచింది పైడితల్లి. "కాలు వొంకరగా ఎట్టినావు బావా!"

"ఎనిమిది!" అన్నాడు నూకరాజు.

ఆరోజునుంచి ఆ గచ్చు మీద ఎవరు పడినా మార్కులే. ఒకసారి సత్యంగారు పడితే మూడు వచ్చాయి. ఆయన చాలా రోజులు నొచ్చుకున్నారు. పిండి కొట్టే మాట మళ్లీ ఎవరి నోటా వినలేదు.

కొన్నేళ్లకి అప్పడం టీవీ రానే వచ్చింది. పాత సామాన్ల బండికి ఎక్కించడానికి ఎల్లాజీ, నూకరాజు నన్ను చెరోవైపూ పట్టుకుని గచ్చు మీదుగా బయల్దేరారు. నూకరాజు కాలు జారింది. నేను కిందపడి, తడి గచ్చు మీద బోర్లా జారుకుంటూ వెళ్లి, సరిగ్గా మిషను నోటి దగ్గర ఆగాను. అద్దం పగిలింది.

ఎల్లాజీ నడుం మీద చేతులు పెట్టుకుని నన్నే చూశాడు.

"తొమ్మిదిన్నర" అన్నాడు. "లెగిసుంటే పదీ ఏసీదును."

తరవాత వంగి, ఇద్దరు మోసే నన్ను ఒక్కడే పొదివి పట్టుకుని లేపి, నిలబెట్టి, కండువాతో ఒళ్లంతా తుడిచాడు.

"లెగిసీసినాది. పదే!"

ఇప్పుడు పాత సామాన్ల కొట్టులో, మూత లేని మిక్సీకీ రెక్క ఊడిన ఫ్యానుకీ మధ్య ఉన్నాను. అవి పొద్దస్తమానం తమ గొప్పలు చెప్పుకుంటాయి. నేను విని ఊరుకుంటాను. పదికి పది వచ్చినదాన్ని, నా నోటితో నేను చెప్పుకుంటే ఏం బాగుంటుంది?