పేరు చదవని బస్తా

కర్ర మూడోసారి లేచేసరికి గాని, తాను కొడుతున్నది సొంత చెల్లెల్నని గోదాము తాళాలాయన గుర్తుపట్టలేదు. అప్పటికే రెండు దెబ్బలు పడ్డాయి. రెండోది మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఆయనకే వినిపించింది. గోదాము తలుపు మీదికి తోసుకొచ్చిన జనం నాలుగడుగులు వెనక్కి తగ్గారు. ఆమె మాత్రం వేలాడుతున్న కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని తలుపుకి ఆనుకుని కూలబడింది.

“నువ్వా? నువ్వెందుకొచ్చావే ఇక్కడికి!” అని అరిచాడు. భయంలోంచి వచ్చిన కోపం అది.

“పిండి కోసం అన్నయ్యా. ఇంకెందుకొస్తాను?”

మిల్లుకి తాళం పడి పందొమ్మిది రోజులైంది. కూలి పెంచమన్నందుకు నాలుగొందల మందిని బయటికి నెట్టి గేటు మూశారు. ఏడాది కిందట రోజు కూలికి ఐదు కిలోల పిండి వచ్చేది. ఇప్పుడు రెండున్నర వస్తోంది. ఆ మాట అనడమే నేరమైపోయింది. చెల్లెలి మొగుడు గేటు దగ్గర తన్నులు తిని, పక్కటెముకలు విరిగి మంచాన పడి ఉన్నాడు. ఆమె చంటిపిల్లకి పాలు చాలడం లేదు. తల్లి తింటేగా పాలు పడేది!

గోదామంటే చర్చి వెనక గదే. అందులో తొంభై ఆరు బస్తాల పిండి పేర్చి ఉంది. ప్రతి బస్తా మీదా ఇచ్చినవాళ్ల పేరు రాసి ఉంటుంది. ఆదివారం ఆరాధనలో ఆ పేర్లు చదవాలి, ఇచ్చినవాళ్లు లేచి నిలబడాలి, అందరూ చప్పట్లు కొట్టాలి, ఆ తర్వాతే పంచాలి. ఈవేళ ఇంకా గురువారం. పేరు చదవనిదే బస్తా గడప దాటకూడదన్నది ఆ సంఘంలో కట్టుబాటు.

తాళాలాయన చెప్పులు కుట్టి బతుకుతాడు. పది జతలు కుడితే ఒక జత డబ్బు దేవుడికని పక్కన పెట్టేస్తాడు. గోదాము చూసుకుంటున్నందుకు జీతమేమీ లేదు. దేవుడి సొమ్ముకి తాను గృహనిర్వాహకుణ్ణని, పదకొండేళ్లలో గుప్పెడు పిండి పక్కదారి పట్టనివ్వలేదని ఆయన గర్వం. దాచిపెట్టే కాపలా వేరు, వేళకి పంచిపెట్టే నిర్వాహకత్వం వేరు అని పాపం ఆయనకెవరూ చెప్పలేదు.

“నువ్విచ్చిన బస్తా ఒకటుందిగా లోపల? అదివ్వు చాలు,” అంది చెల్లెలు.

“ఇచ్చేశాక నాదెట్లా అవుతుందే? దేవుడిది.”

“అయితే ఆ దేవుణ్ణే పిలువు. ఆయన్నే అడుగుతా.”

జనంలో ఎవరో నవ్వారు. తాళాలాయనకి ఒళ్లు మండింది. అయినా భుజం మీది తువ్వాలు తీసి ఆమె మణికట్టుకి చుట్టాడు. ముడి బిగించాడు.

అప్పుడే వ్యాను వచ్చి ఆగింది. మిల్లు యజమాని దిగాడు. చర్చి సంఘపెద్ద కూడా ఆయనే. నలభై బస్తాల మీద ఉన్నది ఆయన పేరే. వెంట కర్రలు పట్టుకుని ఆరుగురు దిగారు. మిల్లు గేటు దగ్గర జనాన్ని కొట్టడానికి ఎక్కణ్ణుంచో పట్టుకొచ్చిన మనుషులు వాళ్లు. ముసలీ ముతకా అని చూడకుండా బాదుకుంటూ తలుపు దాకా దారి చేశారు. ఒకతని చెవి తెగి చొక్కా అంతా నెత్తురైంది.

“శభాష్, బాగా నిలబడ్డావయ్యా,” అన్నాడు యజమాని. “తలుపు తియ్యి. పది బస్తాలు వ్యానులో వెయ్యాలి.”

అలవాటు కొద్దీ తాళాలాయన చెల్లెల్ని పక్కకి జరిపి తలుపు తీసేశాడు. తీశాక అడిగాడు. “పేర్లింకా చదవలేదు గదా సార్?”

“నా బస్తాలకి నా పేరు నాకే చదువుతావా? గేటు కాస్తున్న మావాళ్లందరికీ వండిపెట్టాలి. ఆదివారానికి వేరేవి తెప్పిస్తాలే.”

తాళాలాయన ఆరుగురినీ ఒక్కొక్కణ్ణీ చూశాడు. బావ పక్కటెముకలు విరగ్గొట్టింది వీళ్లే. విరగ్గొట్టినందుకు వీళ్లకి కూడు ఈ గదిలోంచే పోవాలి! చెల్లెలి చెయ్యి విరిచి మరీ తాను కాపాడింది వీళ్ల కోసమా? ఆయనకి సిగ్గేసింది. పుట్టి బుద్ధెరిగాక అంత సిగ్గుపడింది లేదు.

“ఇవ్వను సార్.”

“ఏమన్నావ్?”

“ఇచ్చిన రోజే అవి మీవి కాకుండా పోయాయి. ఆకలైనవాళ్లకని ఇచ్చారు. వాళ్లిక్కడే ఉన్నారు.”

యజమాని కనుసైగ చేశాడు. మొదటి దెబ్బకి తాళాలాయన నుదురు చిట్లింది, రెండో దెబ్బకి మోకాలు విరిగింది. పడుతూ పడుతూనే ముందు వరసలోని బస్తాని రెండు చేతులా వాటేసుకుని, దాంతోపాటే గడప బయటికి దొర్లాడు. దాని మీద ఎవరి పేరుందో చూడలేదు. వీపు మీద కర్రలు పడుతూనే ఉన్నాయి.

“తీసుకోవే,” అన్నాడు, నెత్తురు నిండిన నోటితో. “ఇంకా ఏం చూస్తావు? తీసుకుపో!”

“ముట్టుకున్నారంటే చేతులు నరికిస్తా!” అని కేకేశాడు యజమాని.

చెల్లెలు లేచి, ఎడమచేత్తో బస్తా మూల పట్టుకుని లాగింది. యాభై కిలోల బస్తా, ఒంటిచేతికి కదల్లేదు. ఆమె తల మీదికి కర్ర లేచింది. చూసి కూడా ఆమె పట్టు వదల్లేదు. జనంలోంచి ఒక ముసలావిడ గబగబా వచ్చి రెండో మూల పట్టుకుంది.