బయటి అడ్రస్

పులుసు కోసం చేప ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి, ఎంత కడిగినా నీచు పోని వేళ్లతోనే నాన్సీ వంటగట్టు మీది లాప్‌టాప్ తెరిచింది. పడవ టిక్కెట్లు అమ్మే చిన్న కంపెనీ పని. ఒక ఊళ్లో నెట్ పోయినా టిక్కెట్లు ఆగకూడదని ముంబైలో ఒక సర్వర్, సింగపూర్‌లో ఒక సర్వర్, రెంటిలోనూ ఒకే డేటాబేస్ పెట్టారు. నిన్నటి నుంచీ అవి ఒకదాన్నొకటి కనుక్కోలేకపోతున్నాయి. ఇవాళ కలిపితే ఉద్యోగం ఖాయం, లేదంటే ట్రయల్‌తో సరి.

"పదో క్లాసు పూర్తవలేదు గానీ మేడమ్‌కి సింగపూర్‌లో సర్వరంట," అన్నాడు లాయిడ్ పొద్దున డ్యూటీకి పోతూ. నవ్వుతూనే అన్నాడు. భర్త చెడ్డవాడు కాకపోవడమే ఆమెకు వచ్చిన చిక్కు, గట్టిగా కోప్పడటానికి లేదు. ఊయల్లో పాప ఊపిరి తీస్తోందో లేదోనని మరోసారి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వచ్చి, సెట్టింగులు మొదటి నుంచీ చదివింది.

'నన్ను ఇక్కడ పిలువు' అని ముంబై సర్వర్ సింగపూర్‌కు చెప్పే చోట నాన్సీ తన చేత్తోనే లోపలి అడ్రస్ రాసింది. ముంబైలో ఆ సర్వర్ ఉన్న చోటు గేటు దాటితే అది ఎవరికీ తెలియదు.

సునామీ తర్వాత ఈ దీవిలోనే రేకుల షెడ్ల క్యాంపులో, తమ్ముళ్లను చూసుకోవడానికి బడి మానిన రోజుల్లో, సముద్రం అవతల సోంపేటలోని అమ్మమ్మకు ఉత్తరం రాసి, జవాబుకు తన అడ్రస్ 'కుళాయి పక్క గది' అని ఇచ్చింది. జవాబు రాలేదని ఏడుస్తుంటే చర్చి వాచ్‌మన్ ఏలీయా తాత అన్నాడు: "అరే బేటీ, కుళాయి పక్కనంటే మనకి తెలుస్తాది, పోస్టోడికేటి తెలుస్తాది? జంగ్లీఘాట్ చర్చి అడ్రస్ రాయి. అక్కడికొస్తే నీ చేతికి నేను తెస్తాను."

రెండు సర్వర్లలోనూ లోపలి అడ్రస్ తీసేసి, బయటివాళ్లకు తెలిసే అడ్రస్ పెట్టి, మళ్లీ స్టార్ట్ చేసింది. ముంబై సింగపూర్‌ను చూసింది. సింగపూర్ ముంబైని చూసింది. నాన్సీ చీరకొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, పాప లేస్తుందని. లేవనే లేచింది, తనూ నవ్వింది. కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది: సోమవారం నుంచి పర్మనెంట్.

"ఏటే, పులుసెట్టవా? ఆడొచ్చే టైమైంది," అంటూ అత్తగారు జ్ఞానవతి వచ్చింది.

నాన్సీ లాప్‌టాప్ తీసుకెళ్లి ముందుగదిలో లాయిడ్ బల్ల మీద పెట్టుకుంది. పాపను ఒళ్లో వేసుకుంది.

"నేను ఆఫీసులో ఉన్నాను అత్తయ్యా. ఆరింటికి ఇంటికొస్తాను."

జ్ఞానవతి ఆ బల్లనూ కోడలినీ మార్చి మార్చి చూసింది. వంటగదిలోకి వెళ్లి చింతపండు నానబోసింది.

"అయితే వచ్చేటప్పుడు," అని అక్కడి నుంచే కేకేసింది, "కొత్తిమీర పట్రా."