బంక వదిలిన పూట

చర్రుమని ఏదో చిరిగిన చప్పుడుకి పళ్ళ డాక్టరమ్మకి మెలకువ వచ్చింది. పక్కింట్లో ఎవరో పాత దుప్పటి చింపుతున్నారనుకుని అటు తిరిగి పడుకుంది. మళ్ళీ చర్ర్. ఈసారి చప్పుడు తన వాకిట్లోంచే వచ్చిందని తెలిసి, వాకిట్లో ఉన్నది తన కొత్త కారని గుర్తొచ్చి, చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తింది.

కారు వచ్చి వారం కూడా కాలేదు. నారింజ రంగుది. ఆమె భర్త ఓడలో ఇంజనీరు, ఏడాదిలో సగం సముద్రం మీదే ఉంటాడు. ఆయన తీరిగ్గా వచ్చి రంగు తేల్చేదాకా ఆగితే ఇంకో జన్మ కావాలని, ఆమే షోరూంకి వెళ్ళి, వేలు పెట్టి చూపించి, కొనేసుకుంది. అప్పట్నుంచి రోగుల నోట్లో అద్దం పెట్టి చూస్తున్నా మనసంతా వాకిట్లోనే. దార్లో ఒరుసుకోకుండా తలుపుల అంచులకి, బంపర్ మూలలకి ఫ్యాక్టరీవాళ్ళు నీలం స్పాంజి ముక్కలు అంటించి పంపారు. తీరిక చూసుకుని, ఒక్కొక్కటీ జాగ్రత్తగా తీయాలనుకుంది.

ఆ తీరిక వియ్యపురాలికి ముందే దొరికింది.

ఆవిడ నిన్ననే దిగింది. నిజానికి దిగాల్సింది కొడుకూ కోడలూ ఉంటున్న ఫ్లాట్‌లో. అక్కడ నీళ్ళ పైపు పగిలి ఇల్లంతా చెరువైపోయేసరికి, అల్లుడు తల్లినీ ఆవిడ పెట్టెనీ తెచ్చి అత్తగారింట్లో దించి, వచ్చిన కాళ్ళ మీదే వెళ్ళిపోయాడు. పిల్లల పెళ్ళయి ఎంత కాలమైనా వియ్యపురాళ్ళిద్దరూ ఒకరి ముందొకరు ఇస్త్రీ మడత విప్పని బట్టల్లా ఉంటారు. నిన్న సాయంత్రం "ముందు మీరు తీసుకోండి వదినగారూ" "అబ్బెబ్బే, మీరు కానివ్వండి" అనుకుంటూనే కాఫీ చల్లారిపోయింది.

ఇప్పుడా వదినగారు కారు పక్కన, చేతిలో సగం ఊడిన స్పాంజి ముక్కతో, ఎలక్ట్రిక్ స్తంభంలా నిలబడి ఉంది.

"మిమ్మల్ని సంతోషపెడదామనుకున్నాను వదినగారూ," అంది నీరసంగా. "కొత్తచోటు కదా, నిద్ర పట్టలేదు. బంగారంలాంటి కారుకి ఈ కట్లేంటి, దెబ్బలు తగిలినట్టు అనిపించింది. పీకితే వచ్చేస్తాయనుకున్నాను."

రావడం వచ్చాయి. సగమే వచ్చాయి. మిగతా సగం పీచుపీచుగా తలుపులకే అతుక్కుని ఉంది. వచ్చినచోట పచ్చటి బంక చిన్నపిల్లల చీమిడిలా మెరుస్తోంది. దాని మీద అప్పుడే దుమ్ము వాలింది, ఎండుటాకు వాలింది, ఒక ఈగ వాలి లేవలేక తన్నుకుంటోంది. ముందు తలుపు మీద మాత్రం జానెడు న్యూస్‌పేపరు ముక్క ఉంది.

"తుడుద్దామని పేపరు పెట్టాను," అంది వియ్యపురాలు. "అది కూడా పట్టుకుంది."

డాక్టరమ్మ వంగి చదివింది. 'విశాలమైన గదులు. గాలి, వెలుతురు ధారాళంగా కలవు. అద్దెకు ఇవ్వబడును.'

గట్టిగా అరవాలనిపించింది. అయినా ఎదురుగా ఉన్నది వియ్యపురాలు. సూది వీపు వెనక దాచుకుని రోగులకి చూపించే నవ్వొకటి ఆమె దగ్గర ఎప్పుడూ ఉంటుంది. అది తెచ్చి మొహానికి తగిలించుకుంది.

"అయ్యో, దానికేముంది వదినగారూ! ఇదెంత పని!"

"మీ అన్నయ్యగారు మధ్యాహ్నం రైలుకి దిగుతారు," అంది వియ్యపురాలు. "గోడకి మేకు వంకరగా ఉన్నా ఆ పూట అన్నం సయించని మనిషి. ఇది చూశారంటే నేను బతికినన్నాళ్ళూ చెప్తారు. పోయాక కూడా వచ్చినవాళ్ళందరికీ చెప్తారు."

ఆ మాటకి డాక్టరమ్మకి నిజంగానే నవ్వొచ్చింది. ఆపుకుంది.

ముందు సబ్బునీళ్ళు పెట్టారు. పేపరు నాని ముద్దయి ఊడింది గానీ, 'ఇవ్వబడును' మాత్రం తలుపు మీద తిరగేసి అచ్చుపడింది. బంక చెక్కు చెదరలేదు. పైగా స్నానం చేసినట్టు నిగనిగలాడింది. వియ్యపురాలు లోపలికెళ్ళి గోళ్ళరంగు తుడిచే సీసా పట్టుకొచ్చింది. మూత తీయబోతుండగా, ఎందుకైనా మంచిదని డాక్టరమ్మ షోరూంకి ఫోను చేసింది.

"అమ్మా! ఆ సీసా కింద పెట్టండి!" అని అటువైపు మనిషి కేక పెట్టాడు. "బంకతోపాటు రంగు కూడా ఊడొస్తుంది. బ్లేడూ చాకూ కూడా వద్దు. గోరువెచ్చగా వేడిగాలి తగిలించండి. మెత్తబడ్డాక పాత ప్లాస్టిక్ కార్డుతో మెల్లిగా తోయండి. మిగిలినదానికి వంటనూనె రాసి కాసేపు వదిలేయండి. చివర్లో సబ్బుతో కడిగేయండి."

వియ్యపురాలు ఆ సీసాని బాంబులా రెండు చేతులతో మోసుకెళ్ళి గేటవతల పెట్టి వచ్చింది.

కిటికీలోంచి వైరు లాగి హెయిర్ డ్రయ్యర్ పెట్టారు. డాక్టరమ్మ వేడిగాలి పట్టింది. వియ్యపురాలు కాలం చెల్లిన బ్యాంకు కార్డుతో తోసింది. రెండు నిమిషాలకి ఇంట్లో కరెంటు టప్పుమని పోయింది. ఫ్రిజ్జు ప్లగ్గు పీకేసి, ఫ్యూజు వేసి, డ్రయ్యర్ మళ్ళీ పెట్టారు. బంక ఈసారి కాస్త కదిలింది. కానీ బంపర్ మూలన స్పాంజి రాయిలా బిగిసిపోయి ఉంది. దాని కింద కార్డు దూరడం లేదు.

డాక్టరమ్మ కాసేపు దాని వైపు, తన రోగుల వైపు చూసినట్టే, తల పక్కకి వంచి చూసింది. తర్వాత లోపలికెళ్ళి పళ్ళ సందుల్లో తిప్పే దారం తెచ్చింది. అటు చివర వియ్యపురాలి చేతికిచ్చి, ఇటు చివర తను వేలికి చుట్టుకుని, స్పాంజి వెనక్కి దూర్చి, రంపంలా అటూ ఇటూ లాగింది.

"నెప్పిగా ఉంటే చెయ్యి ఎత్తమనండి," అంది అలవాటు కొద్దీ.

వియ్యపురాలు ఒక్క క్షణం అర్థంకాక చూసి, ఫక్కున నవ్వింది. ఆ నవ్వులో దారం వదిలేసింది. వెనక్కి లాగుతున్న డాక్టరమ్మ ధబ్బున బకెట్లో కూర్చుంది. సబ్బునీళ్ళు ఇద్దరి మీదా పడ్డాయి.

"అయ్యో వదినగారూ! దెబ్బ తగిలిందా అండీ?" అంటూ వచ్చిన ఆవిడ చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ లేవబోయింది. లేస్తూ తలుపుకి ఆనుకుంది. తల పైకెత్తబోతే రాలేదు.

"కదలకు!" అని అరిచింది వియ్యపురాలు. "ఉండవే బాబూ, కదలకు! జుట్టు అంటుకుపోయింది!"

వియ్యపురాలు నాలిక కరుచుకుంది. "క్షమించండి వదినగారూ. కంగారులో నోరు జారి, ఉండవే అని..."

"ఇప్పుడు మర్యాదలెందుకే తల్లీ!" అంది డాక్టరమ్మ, చెంప కారుకి ఆన్చి వంగినది వంగినట్టే ఉండి. "నూనె తే ముందు! నన్ను విడిపించు!"

అంతే. వియ్యపురాలు కూలబడి నవ్వింది. నూనె సీసా తేవడానికి లేచి, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి చూసి, అక్కడే గోడ పట్టుకుని మళ్ళీ నవ్వింది. తెచ్చాక నవ్వు ఆగక సగం సీసా జుట్టు మీదే వంపేసింది. బంక వదిలి జుట్టు జారి వచ్చేసింది. జుట్టుతోపాటు తలుపు మీద బంక కూడా ఉండలుండలుగా లేచింది. ఇద్దరూ నోళ్ళు తెరిచి చూశారు.

"వదిలింది! చూడు, వదిలేసింది!"

ఇక ఇద్దరినీ ఆపేవాళ్ళు లేకపోయారు. తలుపుకింత, బంపర్‌కింత, నూనె రాసుకుంటూ పోయారు. బొటనవేలితో తోస్తే బంక పురుగుల్లా చుట్టుకుని రాలిపోతోంది. ఆ రాలడంలో ఏదో మత్తుంది. "ఇది నాది, నువ్వు ముట్టుకోకు" అని వియ్యపురాలు చివరి ముక్క కోసం డాక్టరమ్మ చెయ్యి తోసేసింది. "జీవితమంతా పోస్టాఫీసులో బంక అంటించానే," అంది ఆయాసపడుతూ. "పీకడంలో ఇంత సుఖం ఉందని ఒక్కడూ చెప్పలేదు!"

పీకడానికి ఏమీ మిగలకపోయేసరికి డిక్కీ మీద షోరూం పేరున్న స్టిక్కరు కనిపించింది. అదీ పీకేశారు.

సబ్బుతో కడగబోతుండగా ఫోను మోగింది. వియ్యంకుడు. ముందు రైలే దొరికిందట, దిగేశాడట, స్టేషన్ బయట నిలబడ్డాడట.

ఒక బకెట్టు నీళ్ళు పోసీ పోయనట్టు పోసి, పొడి గుడ్డతో పైపైన తుడిచి, తడి బట్టలతోనే ఎక్కేశారు. డాక్టరమ్మ జుట్టులోంచి నూనె చెవి మీదుగా కారుతోంది. స్టీరింగు చేతుల్లో చేపలా జారుతోంది. తన వీధి దాటి పెద్ద రోడ్డెక్కడం ఆమెకి ఇదే మొదలు. ఆ సంగతి రోడ్డెక్కాక చెప్పింది.

"ఇప్పుడా చెప్పడం!" అని వియ్యపురాలు సీటు పట్టుకుంది. మళ్ళీ నవ్వు.

స్టేషన్ ముందు పెద్ద గుండ్రటి కూడలి. అందులోకి దూరడం సులువుగానే జరిగింది. బయటికి రావడమే కుదరలేదు. పక్కనే బస్సులు గోడ కట్టినట్టు నడుస్తున్నాయి. పేవ్‌మెంటు మీద వియ్యంకుడు, కాళ్ళ దగ్గర పెట్టెతో, నిటారుగా కనిపించాడు. కారుని చూసి చెయ్యి ఊపాడు. కారు ఆయన ముందునుంచి వెళ్ళిపోయింది.

"ఆపవే! అడుగో మా ఆయన!"

"ఎలా ఆపను! వాళ్ళు దారివ్వాలి కదా!"

రెండోసారి వచ్చేసరికి ఆయన పెట్టె ఎత్తుకుని సిద్ధంగా ఉన్నాడు. వియ్యపురాలు కిటికీలోంచి సగం బయటికి వచ్చి, "ఇంకో చుట్టు తిరిగొస్తామండీ!" అని అరిచింది. మూడోసారి ఆయన పెట్టె దించేశాడు. ఆ తర్వాతి చుట్టుకి పెట్టె మీద కూర్చుని, మోచేతులు మోకాళ్ళ మీద ఆన్చి, వాళ్ళు వచ్చేవైపూ వెళ్ళేవైపూ తల తిప్పుతూ చూస్తున్నాడు. డాక్టరమ్మకి నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళు తిరిగి రోడ్డు కనబడలేదు. ఆఖరికి ఒక బస్సు డ్రైవరుకే జాలేసి, ఆగి, చెయ్యి చూపించాడు. కారు ఒక్క ఉదుటున వెళ్ళి వియ్యంకుడి పాదాల ముందు ఆగింది.

ఆయన తలుపు తీయబోతే చెయ్యి జారింది. మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ జారింది. రుమాలు చుట్టుకుని తీశాడు. వెనక సీట్లో పెట్టె పెట్టుకుని కూర్చుని, తలుపు వేసుకుని, నూనె కారుతున్న చెల్లెమ్మనీ, తడిసి ముద్దయిన భార్యనీ మార్చి మార్చి చూశాడు. ముందు సీట్లలో ఇద్దరూ ఊపిరి బిగబట్టారు.

"బాగా మెరుస్తోంది కారు," అన్నాడు.

అంతవరకు ఆపుకున్నదంతా ఇద్దరికీ ముక్కుల్లోంచి తన్నుకొచ్చింది. డాక్టరమ్మ స్టీరింగు మీద తల పెట్టేసింది. హారన్ పొడుగ్గా మోగింది. పేవ్‌మెంటు మీద జనం తిరిగి చూశారు.

వియ్యంకుడు వాళ్ళు తేరుకునేదాకా ఆగాడు. తర్వాత గొంతు సవరించుకుని, కాస్త మొహమాటంగా ముందుకి వంగాడు.

"చెల్లెమ్మా, ఇంటికి తొందరేం లేకపోతే ఇంకొక్క చుట్టు తిప్పుతావా? బయటనుంచి చూస్తుంటే మహా సరదాగా కనిపించింది."

డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుని, గేరు వేసింది.