పీతల విడతలో చెప్పిన మాట

ఆ హోటల్లో మూలసోఫా పెట్టించినవాడెవడో గాని, వాడికి ఇల్లరికపు అల్లుళ్ల మీద పగ ఉండి తీరాలి. గోడను ఆనుకుని వంపు తిరిగిన సోఫా, దాని ముందు కదలని రాతిబల్ల. ముందుగా నన్ను లోపలికి తోశారు. నా పక్కన మామయ్య, ఆయన పక్కన అత్తయ్య, ఎదురుగా బయటి అంచున మా ఆవిడ. నాకు దగ్గొచ్చి బయటికి వెళ్లాలన్నా ముగ్గురు లేచి నిలబడాలి.

సందర్భం మంచిదే, కాదనను. మామయ్యకి గుండె ఆపరేషన్ అయింది, కోలుకున్నారు, డాక్టరు ఇక చేపలు తినొచ్చన్నాడు. అంతే, ఊళ్లోకెల్లా ఖరీదైన హోటల్లో సముద్రపు విందు. మొత్తం ఏడు విడతలు. ఒక ప్లేటు ఖాళీ అయితేగాని ఇంకోటి రాదు. వచ్చిన ప్రతిదాని గురించీ వెయిటర్ చేతులు కట్టుకుని ఉపన్యాసం ఇస్తాడు.

ఈ ఏడు విడతల్లో ఎక్కడో ఒకచోట నేనొక మాట చెప్పాలి. పొరుగు జిల్లాలో పళ్ల డాక్టర్ల కాలేజీ ఉంది. అక్కడ పిల్లలకి పళ్లసెట్లు చేయడం నేర్పే ఉద్యోగం నాకిస్తామన్నారు. వస్తానో రానో రేపు పొద్దున్నే చెప్పాలి.

ప్రస్తుతం నా బతుకు ఇదీ. కింద మామయ్య పళ్లసెట్ల షాపు, దాని మీద ఆయన ఇల్లు, ఆ మీద మా గది. పొద్దున్న మామయ్య పిలుపుతో లేవాలి, రాత్రి మామయ్య టీవీ మోతలో పడుకోవాలి. మధ్యలో పగలంతా ఆయన పక్క స్టూలు మీద కూర్చుని మైనంలో పళ్లు గుచ్చాలి. ఆయన చెడ్డవాడైతే ఎప్పుడో నాలుగు మాటలని పోయేవాణ్ని. బంగారం లాంటి మనిషి. అదే నా ఖర్మ. నా చొక్కాలు ఆయనే కొంటారు. నా జుట్టు పెరిగితే సెలూన్‌కి ఆయనే ఫోన్ చేస్తారు.

అయితే బయటపడదామని మొదట అన్నది నేను కాదు, మా ఆవిడ. కాలేజీ ప్రకటన చూసింది ఆవిడ, నా చేత దరఖాస్తు పెట్టించింది ఆవిడ. ఇవాళ బయల్దేరేముందు మెట్ల మీద నా కాలరు పట్టుకుని మరీ చెప్పింది.

"ఇవాళ చెప్పకపోయావో, నీతో మాట్లాడను చూడు. నువ్వు మొదలుపెట్టు చాలు. మిగతాది నేను చూసుకుంటా."

మొదటి విడత ఐసు మీద పచ్చి ఆల్చిప్పలు. వెయిటర్ ఉపన్యాసం అయ్యాక మామయ్య అడిగారు. "ఇంతకీ ఇది నమలాలా, మింగాలా?"

"దాన్ని చూస్తుంటేనే నాకు కడుపులో తిప్పుతోంది. నా వంతు మీరే కానివ్వండి బాబూ," అంటూ అత్తయ్య ప్లేటు నా ముందుకు జరిపింది. రెండు వంతులూ మింగాను.

సూపు వచ్చింది. ఇదే అదననుకుని, "మామయ్యా, మీతో ఒక విషయం..." అన్నాను.

"ముందు సూపు తాగవయ్యా, చల్లారిపోతుంది. విషయాలెక్కడికి పోతాయి?"

విషయం ఎక్కడికీ పోలేదు. నా గొంతులోనే కూర్చుంది. రొయ్యలొచ్చాయి. నేను మళ్లీ నోరు తెరిచేలోగా మామయ్యే గొంతు సవరించుకున్నారు.

"మేస్త్రీతో మాట్లాడేశానర్రా. మీకు పైన ఇంకో రెండు గదులు, వేరే వంటిల్లు. మీరు ఇరుకుగా ఉన్నారని నాకు తెలీదనుకున్నారా?" ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. "ఆపరేషన్‌కి తీసుకెళ్లేటప్పుడు ఒకటే అనుకున్నా అల్లుడూ. నేను పోయినా మావాళ్లంతా ఈ కప్పు కిందే ఉంటార్లే అని. దాంతో నా భయం పోయింది."

అత్తయ్య కళ్లు ఒత్తుకుంది. బల్ల కింద మా ఆవిడ కాలు వచ్చి నా మోకాలి కింద టప్పుమని తగిలింది. ఆ తన్నుకి అర్థం ఒక్కటే, ఇంకా ఏం చూస్తున్నావని.

ఆ తర్వాత పీతలు. అందరి మెడలకీ గుడ్డలు కట్టి, చేతికి పటకార్లిచ్చారు. మామయ్య బలం పెట్టకూడదు కదా, ఆయన పీత కూడా నేనే పగలగొట్టి, కండ తీసి ఆయన ప్లేట్లో పెడుతున్నాను. మెడకి గుడ్డతో, మోచేతుల దాకా పులుసుతో కూర్చున్న మనిషికి ఇక పోయే పరువేముంది? కళ్లు మూసుకుని అనేశాను.

"మామయ్యా, కాలేజీలో నాకు ఉద్యోగం వచ్చింది. మేం వెళ్లిపోదామనుకుంటున్నాం."

అత్తయ్య చెయ్యి తటాలున మామయ్య వీపు మీదికి వెళ్లింది. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. పటకారు కింద పెట్టి, నెమ్మదిగా చేతులు తుడుచుకుని, కూతురి వైపు తిరిగారు.

"నీకు తెలుసా అమ్మా?"

హమ్మయ్య అనుకున్నాను. నా వంతు అయిపోయింది, ఇక మిగతాది ఆవిడ చూసుకుంటుంది. మా ఆవిడ వాళ్ల నాన్న మొహంలోకి చూసింది.

"లేదు నాన్నా. నేనూ ఇప్పుడే వింటున్నా."

నా చెవులని నేనే నమ్మలేకపోయాను. అరికాలి మంట నెత్తికెక్కింది. మామయ్య మాత్రం తల ఊపి, ఎంతో శాంతంగా అన్నారు.

"అయితే నువ్వొక్కడివే వెళ్తున్నావన్నమాట. పోన్లే, సెలవులకి వస్తూ పో. అమ్మాయికేం, మా దగ్గరే ఉంటుంది."

వెటకారం కాదు. మనస్ఫూర్తిగానే అన్నారు. మీ అమ్మాయే కదండీ నన్ను ఎగదోసింది అని ఒక్క మాటంటే చాలు. కానీ అంటే, ఇంకా కుట్లైనా పూర్తిగా మానని ఆ మనిషి ముందు ఆవిడ అబద్ధాలకోరు అవుతుంది. ఆవిడ ప్లేటులోకి చూస్తూ కూర్చుంది.

"తమాషాకన్నాను మామయ్యా. మీరేమంటారో చూద్దామని."

"ఇదేం తమాషా బాబూ, ఆపరేషనైన మనిషితో!" అంది అత్తయ్య.

మామయ్య ఒక్క క్షణం నన్ను తేరిపార చూసి, తొడ చరుచుకుని పగలబడి నవ్వారు. "నువ్వు ఇంత గడుసువాడివని తెలీదయ్యా! మేస్త్రీని రేపే రమ్మంటా." మరో ప్లేటు పీతలు తెమ్మని వెయిటర్‌ని కేకేశారు.

చేతులు కడుక్కోవడానికి వెళితే నా వెనకే మా ఆవిడా వచ్చింది. కొళాయి విప్పి, ఆ చప్పుడు చాటున విరుచుకుపడింది.

"ఎందుకలా మాట మార్చేశావు?"

"నేనా? తెలీదన్నది నువ్వు కదే!"

"నాన్న మొహం చూసి నాకు నోరు రాలేదు. నువ్వు ఇంకాస్త గట్టిగా నిలబడి ఉంటే నేను మెల్లగా ఒప్పుకునేదాన్ని కదా. అసలు నీకే వెళ్లాలని లేదు."

ఆవిడ కళ్లలో నీళ్లు నిజమైనవి. ఆ మాటా నమ్మే అంటోంది. నాకు అప్పటిదాకా కోపమే ఉంది. అప్పుడు మొదటిసారి భయమేసింది.

"రేపు కాలేజీవాళ్లకి ఏం చెప్తావు?" అంది, గొంతు తగ్గించి.

"మా ఆవిడకి ఇష్టం లేదని చెప్తా."

ఆవిడ కొళాయి కట్టేసి, "అలాగే చెప్పు," అంది.