సంజీవయ్య అడిగిన అర్థాలు

"పదిహేడు దేశాల పాటలకు ఉన్నపళంగా అర్థం చెప్పేటోణ్ణి ఈ జమ్మలమడుగులో నేనొక్కణ్ణే ఉండా" అన్నాడు లోకనాథ్, పగిలిన ఫోను మీద కొత్త గ్లాసు పరిచి, గాలిబుడగను బొటనవేలితో అంచుకు తోలుతూ.

ఫోను ఆటో నూరుల్లాది. అతను బల్ల మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు. "నిన్న ఇంగ్లీషులో మెసేజు వస్తే నాతో చదివించుకుంటివి గదా మామా. నేను చదివింది ఆరో తరగతి."

"అది పాట కాదు గదప్పా" అన్నాడు లోకనాథ్ తొణక్కుండా.

నలభై నాలుగేళ్ల మనిషి. ఇరవై ఏళ్లుగా ఒకే స్టూలు మీద ఒకే పక్కకు వంగి కూర్చుని ఎడమ భుజం కిందికి జారిపోయింది. బస్టాండుకు ఎదురుగా ఉన్న ఆ అంగడి ఎంత ఇరుకంటే, లోపల ఆవలించాలంటే ముందు షట్టరు పూర్తిగా ఎత్తుకోవాలి. ఒకప్పుడు మెమరీ చిప్పుల్లో పాటలు ఎక్కించుకోవడానికి జనం వరస కట్టేవాళ్లు. ఇప్పుడు అందరి ఫోన్లలోనూ అన్ని పాటలూ ఉన్నాయి. లోకనాథ్‌కు గ్లాసులూ కవర్లూ మిగిలాయి. సరుకు కోసం ప్రొద్దుటూరు, చుట్టాల్లో ఎవరైనా పోతే పులివెందుల. అతను చూసిన ప్రపంచం అంతే.

మిగతా ప్రపంచం ఒక హార్డ్ డిస్కులో వచ్చింది. ఆరేళ్ల కిందట గండికోట చూడ్డానికి వచ్చిన బెంగళూరు అబ్బాయి దాన్ని బాగుచేయమని ఇచ్చి, మళ్లీ రాలేదు. పనిచేస్తోందో లేదో చూద్దామని లోకనాథ్ ఒక పాట పెట్టాడు. ఎండిన సొరబుర్రకు ఇరవై తీగలు కట్టి ఆఫ్రికా ఆయన ఎవరో మీటుతున్నాడు. పక్కన మన తబలా. చానాళ్లకు కలిసిన వియ్యంకుల్లా రెండింటికీ మాటామాటా నడుస్తోంది. ఆ రోజు లోకనాథ్ అన్నానికి ఇంటికి పోలేదు. ఒంటెలు తోలేవాళ్ల పాటలు, మంచు దేశాల పాటలు, గొంతులో తేనెతుట్టె పెట్టుకున్నట్టు పాడే గుర్రాలవాళ్ల పాటలు. మొత్తం నాలుగు వేలు. అన్నీ విన్నాడు. ఎవరికైనా వినిపించకపోతే కడుపు పగిలేలా ఉండేది. ఆటోవాళ్ల చిప్పుల్లో ఒకటీ అరా దొంగతనంగా కలిపేవాడు. వాళ్లు తిరిగొచ్చి చిప్పును బల్ల మీద కొట్టి పోయేవాళ్లు. భార్య శోభ మాత్రం ఒక పాట ఓపిగ్గా చివరిదాకా విని, "ఎవురన్నా సచ్చిపోయినారా?" అని అడిగింది.

నిలబడి విన్నవాడు సంజీవయ్య ఒక్కడే. పెన్న ఒడ్డు పల్లెలో గొర్రెలు మేపే ముసలాయన. మెడలో తాడుకు వేలాడే, చిప్పు పెడితే పాడే పాటల డబ్బా. మొదటి పాట అయ్యాక, "ఏం చెప్తాండాడప్పా?" అన్నాడు.

లోకనాథ్‌ను పుట్టి బుద్ధెరిగాక ఎవరూ దేనికీ అర్థం అడగలేదు. తెలీదు అందామనే నోరు తెరిచాడు. బయటికి మాత్రం ఇంకోటి వచ్చింది. "బోరు పడలేదని దేవుణ్ణి తిడతాండాడు మామా. ఇది ఏడో బోరంట."

సంజీవయ్య చాలాసేపు తలాడించాడు. "ఆ దేశంలో గూడా పడవా!"

అప్పటినుంచి ప్రతి గురువారం వచ్చేవాడు. కొత్త పాట, కొత్త అర్థం. కోడలికి పాచి సంగటి పెట్టిన అత్త. తప్పిపోయిన ఎద్దు. సర్పంచి ఎలక్షన్లో ఓడిపోయిన రాజు. ఏమీ తోచని రోజున, బిడ్డను అత్తగారింటికి పంపి తల్లి ఏడుస్తోందని చెప్పేవాడు. అలా తక్కువలో తక్కువ నలభై మంది తల్లుల్ని ఏడిపించి ఉంటాడు.

ఇప్పటికి రెండు గురువారాలుగా ముసలాయన రాలేదు. మూడో గురువారమైన ఈ రోజు, నూరుల్లా వెళ్లిన కాసేపటికి, సంజీవయ్య భార్య సుంకులమ్మ వచ్చింది. చంకలో పాత రుమాలుతో కట్టిన మూట.

"మామ రాలేదా అత్తా?"

"నేనొస్తి గదా నాయనా. చిప్పు చెడిపోయింది. ఒక్క పాట కావల్ల. ఒక్కటే."

"ఏ పాట?"

"తల్లి ఏడ్చే పాట."

కంప్యూటరు మౌసు మీద లోకనాథ్ చెయ్యి ఆగింది. తెర నిండా చదవరాని అక్షరాలు. ఏదో ఒకటి నొక్కాడు. "ఇదేనా? చూడు, తల్లి ఎట్లా ఏడుస్తాందో."

"ఇది తప్పిపోయిన ఎద్దు పాట గదప్పా. నువ్వు చెప్పేటివన్నీ ఆయప్ప ఇంటికొచ్చి నాకు చెప్తాండె."

ఇంకోటి నొక్కాడు.

"ఇది ఓడిపోయిన రాజు."

మూడోదానికి సుంకులమ్మ పాట వినలేదు. అతని ముఖం చూసింది. తర్వాత మూట కింద పెట్టి, చెయ్యి చెంపకు ఆనించి గొంతెత్తింది. సన్నగా, పైకి, ఇంకా పైకి పోయి, కొసలో విరిగింది. బస్టాండులో టీ తాగేవాళ్లు గ్లాసులు దించి చూశారు.

లోకనాథ్‌కు తెలిసిపోయింది. మంచు దేశపు పాట. వెతికి పెట్టాడు.

సుంకులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇదే" అంది. "ఆపొద్దు మీ మామ యాపసెట్టు కింద కూసున్నోడు కూసున్నట్టే పోయినాడు. డబ్బా దీన్నే పాడతా ఉండె. గొర్రెలు యాడికీ పోలా, సుట్టూ నిలబడుకోనుండె. వానొచ్చి డబ్బా తడిసి ఆగిపోయినాకే సెదిరినాయంట. పదైదు దినాలాయ. నేను పిలిస్తే ఒక్కటీ గుట్ట దిగదు. రెండు గొర్రెపిల్లల్ని నక్కలెత్తకపాయె. ఈ పాటుంటే దిగుతాయి నాయనా."

లోకనాథ్ పాట ఆపాడు. "తల్లి ఏడిస్తే గొర్రెలెందుకు..." అని ఆగాడు.

"ఇది ఏడుపు కాదప్పా. మందను పిలిచే కేక. మా ముసలోడు ఈ పాట పెట్టిన తొలిదినమే కనుక్కునె. అది ఇనంగానే అన్నీ తలకాయలెత్తినాయంట."

"మరి వారం వారం వచ్చి నన్నెందుకు అర్థం అడుగుతాండె?"

"నేనూ అదే అంటి. ఆ పిల్లోని అబద్దాల కోసరం బస్సెక్కల్నా అని. 'వాణ్ణి ఎవురూ ఏమీ అడగరు లేమే, నేనన్నా అడుగుతా' అనె."

లోకనాథ్ తల ఎత్తకుండా పాట ఎక్కించాడు. ఒక్కటే పాట, అయిపోయినప్పుడల్లా మళ్లీ మొదలయ్యేట్టు వరసగా వందసార్లు. చిప్పు ఆమె అరచేతిలో పెట్టాక కూడా చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాడు.

"నాకు ఒక్క భాష గూడా రాదత్తా. బోరూ, ఎద్దూ, రాజూ... అన్నీ నేను పుట్టించినవే. మామకు ఒక్క పాటకన్నా నిజం చెప్పలా."

సుంకులమ్మ చిప్పును కొంగున ముడి వేసుకుంది. "సర్లే నాయనా. బస్సొచ్చినట్టుండాది." కిందున్న మూటను బల్ల మీదికి ఎత్తింది. "ఆపొద్దు పొద్దున్నే మీ మామ చేన్లో పీకినాడు. నీకని పక్కన పెట్టె."

ఆమె రోడ్డు దాటింది. బస్సు కదిలింది. ముడి విప్పని రుమాలు సందుల్లోంచి చెనక్కాయలు కనబడుతున్నాయి. వాటిని పట్టుకుని వచ్చిన చేనిమట్టి ఎండి, అద్దపు బల్ల మీద కొంచెం కొంచెంగా రాలుతోంది.