తేలేదాకా లేవొద్దు

చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఒక్క క్షణం ఎక్కువ ఆగింది. కమురు వాసన వచ్చింది.

"అత్తయ్యా, మనసెక్కడ పెట్టావు?" అంటూ కోడలు చొక్కా లాక్కుంది.

ఇస్త్రీ చేస్తున్న ఆమె మనసు అప్పులిచ్చే సంస్థ మీటింగు గదిలో ఉంది. బోర్డులో ఒక్క ఆడమనిషీ లేదేమని నిధులిచ్చేవాళ్ళు సణిగితే, అప్పు తీసుకున్నవాళ్ళలోంచి ఈమెను తెచ్చి కూర్చోబెట్టారు. పెద్దలు మాట్లాడటం, ఈమె గంగిరెద్దులా తలూపడం, అలాగే జరిగిపోతోంది. ఇవాళ తలూపితే మాత్రం కోడలికి ముఖమెలా చూపిస్తుంది? వాయిదా సొమ్ము మొత్తం జమయ్యేదాకా అప్పు తీసుకున్న గుంపులో ఎవరూ ఇంటికి వెళ్ళకూడదన్న పద్ధతిని అన్ని పేటల్లోనూ పెడతారట. ఈ పేటలో అది ఇప్పటికే ఉంది. మొన్న ఎవరో కట్టలేదని కోడలిని చీకటిపడేదాకా కూర్చోబెట్టారు. ఇంట్లో చంటిది పాలకోసం గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు ఇంకా ఆమె చెవుల్లోనే ఉంది.

మీటింగు గది చల్లగా ఉంది. చైర్మన్ ఆ పద్ధతి చదివారు, బాకీలు పేరుకుపోవన్నారు. అందరూ సరేనన్నారు.

"మీరేమంటారమ్మా?" అని అలవాటుగా అడిగి, ఫైలు మూయబోయారు.

ఆమె లేచింది. కుర్చీ ఈడ్చుకెళ్ళి తలుపుకు అడ్డంగా వేసుకుని కూర్చుంది.

"ఇది తేలేదాకా ఎవరూ ఇంటికెళ్ళొద్దండీ. మాకు పెట్టిన రూలేగా, మనమూ పాటిద్దాం."

నవ్వారు. కాసేపటికి నవ్వులు ఆగాయి. ఒకాయనకు రైలు వేళైంది. ఇంకొకాయన షుగరు మాత్ర కారులో ఉండిపోయింది. బల్ల మీద వేళ్ళు టకటకలాడుతున్నాయి. పారిపొమ్మని ఆమె కాళ్ళూ పోరుతున్నాయి. అయినా కదల్లేదు.

"సరేనమ్మా, వచ్చే మీటింగులో చూద్దాం" అన్నారు చైర్మన్.

కుర్చీ జరిపింది. అందరూ బిలబిలా వెళ్ళిపోయాక ఆయన మెత్తగా అన్నారు: "మీ పదవీకాలం ఇవాళ్టితో సరి. ఇంకో ఆవిడకీ అవకాశం ఇవ్వాలి కదా!"

వచ్చే మీటింగు అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

"ఆవిడింట్లోనూ చంటిపిల్లలుంటారండీ" అని బయటికి నడిచింది.

చెప్పులు వేసుకుంటుంటే గది సర్దే మనిషి గొంతు వినిపించింది. "ఆవిడ పేరు పలక పారేయనా సార్?"

"ఎందుకూ? మళ్ళీ పనికొస్తుందిగా."

వెనక్కి చూసింది. బల్ల మీద అందరి పలకల మీదా పేర్లున్నాయి. చివరనున్న ఒక్కదాని మీద మాత్రం 'మహిళా సభ్యురాలు' అని ఉంది.