బ్రేకు మీద కాలు

భయం నాకు ముందు చెవుల్లోకి వస్తుంది. ఆ రోజూ అలాగే వచ్చింది. వించ్ మోటారు హోరు, చుట్టూ చేరిన జనం ఇచ్చే ఉచిత సలహాల గోల. వాటి మధ్య 'టిక్'మని చిన్న చప్పుడు. ఇనప రోప్‌లో ఒక తీగ తెగిన చప్పుడది. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది. ఇంకెవరికీ వినబడలేదు.

నా పేరు వసీం. విజయవాడ ఆటోనగర్లో మా నాన్న బడే మియా షెడ్డు అంటే లారీలవాళ్ళకు తెలుసు. ఎక్కడ బండి దిగబడినా ఇనప రోప్‌తో బళ్ళని లాగే మా వించ్ బండికే ఫోన్ వస్తుంది. డిసెంబర్లో తుఫాను వచ్చి వెళ్ళిన మూడో రోజు పొద్దున్నే ఉయ్యూరు అవతల నుంచి వచ్చింది. చెరకు లోడుతో ఉన్న లారీ చేలోంచి గట్టు రోడ్డు మీదికి ఎక్కుతూ, ర్యాంపు మధ్యలో వెనక్కి జారింది. ర్యాంపు పక్కనే మురుగు డ్రైను. మామూలు రోజుల్లో గేదెలు దాటే డ్రైనది. ఆ రోజు మాత్రం రెండు తాటిచెట్ల లోతున, ఎర్రగా, సుడులు తిరుగుతూ పోతోంది. రెండు తాటిచెట్లు అన్నది అక్కడి జనం మాట. ఒక్కటైనా మనిషికి చాలు.

లారీ వెనక కుడి చక్రం డ్రైను అంచు మీద ఉంది. డ్రైవరు జాన్‌బాబు కేబిన్లో ఉన్నాడు. అది పాత బండి, హ్యాండ్ బ్రేకు ఎప్పుడో పోయింది. చక్రాల వెనక రాళ్ళు పెడితే బంకమట్టి మింగేసింది. అతను బ్రేకు తొక్కి ఉన్నంతసేపే బండి అక్కడ ఉంటుంది. అతని వైపు తలుపు నీళ్ళ మీదికి వంగి ఉంది. కాలు తీసి ఎడమ తలుపు దాకా పాకేలోపే బండి నీళ్ళలో ఉంటుంది.

"లోడు దించితే గానీ లాగనండి," అన్నాను వెళ్ళగానే.

చెరకు వెంకటరత్నమ్మగారిది. అరవై దాటిన మనిషి, చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి బురదలో నిలబడి ఉంది. "దించితే మళ్ళీ ఎవరెత్తుతారయ్యా? ఫ్యాక్టరీ పర్మిట్టు ఇయ్యాళ్టితో సరి. రేపు తీసుకెళ్తే గేటు దగ్గర మొహం కూడా చూడరు. నీ బండి అంత బలవైందంటారుగా, లాగు."

నా బండిని అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మంటలోనే సరే అన్నాను. ఆ పొద్దున నేను చేసిన మొదటి తప్పు అది. అంతకంటే పెద్దది అప్పటికే చేసేసి ఉన్నాను.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. లాగే ముందు రోప్‌ని కిరసనాయిలుతో తుడిచి, ఒక పాత గుడ్డ చుట్టి, ఈ కొస నుంచి ఆ కొస దాకా లాగాలి. ఎక్కడైనా తీగ తెగి ఉంటే గుడ్డ పట్టుకుంటుంది. ఆ గుడ్డ లాగేది మేం కాదు, దిగబడిన బండి స్టీరింగ్ మీద కూర్చోబోయేవాడు. ప్రాణం వాడిది కాబట్టి చెయ్యి కూడా వాడిదే ఉండాలంటాడు మా నాన్న. నాకు అది చాదస్తంగా కనబడేది.

దసరాకి ఆటోనగర్లో మతం చూసుకుని బళ్ళు కడగరు. అందరూ కడుగుతారు, పసుపు రాస్తారు, టైర్ల కింద నిమ్మకాయలు పెడతారు. మేమూ అంతే. ఆ దసరాకి నేను హుక్కుకి ఎర్ర రంగు వేసి, రోప్‌కి డబ్బాడు గ్రీసు పట్టించి, నల్లతాచులా మెరిపించాను. చూసినవాళ్ళంతా కొత్త రోప్ కొన్నావా అని అడిగారు. మా నాన్న ఒక్కడే, "కడిగి చూడరా లోపల," అన్నాడు. అంత మెరుపు కడిగెయ్యడానికి మనసు రాలేదు. గ్రీసు గడ్డకట్టిన రోప్ మీద గుడ్డ వెన్న మీద చెయ్యి జారినట్టు జారిపోతుంది, ఏదీ పట్టుకోదు. అందుకని కేబిన్లో ఉన్న జాన్‌బాబు చేతికి రోపూ గుడ్డా అందించలేదు. "రోప్ గట్టిదేనా భాయ్?" అని అతను అడిగితే, "ఏనుగుని కట్టొచ్చు," అన్నాను.

గట్టు మీద నా బండిని నిలబెట్టి, చక్రాలకి చెక్కలు వేసి, రోప్ లారీ ముందు భాగానికి తగిలించాను. చెయ్యెత్తి "బ్రేకు తియ్యి!" అని అరిచాను. అతను తీశాడు. లారీ ఆరడుగులు పైకి వచ్చింది. జనం ఈలలు వేశారు. వెనక్కి పొమ్మని నేను తిడితే రెండడుగులు వెనక్కి వేసి మూడడుగులు ముందుకు వచ్చారు.

అప్పుడే ఆ 'టిక్'.

వించ్ ఆపి లాక్ వేశాను. "బ్రేకు తొక్కు! గట్టిగా!" అన్నాను. రోప్ దగ్గరికి వెళ్ళి చూశాను. బిగువుకి గ్రీసు పెచ్చులుగా లేచింది. దాని కింద, ఆరు పేటల్లో ఒక పేట సగం విడిపోయి, తీగలు పైకి లేచి ఉన్నాయి. పక్క పేటలో ఇంకా నాలుగో అయిదో. నేను చూస్తుండగానే మరొకటి తెగింది.

బిగించిన రోప్ తెగి వెనక్కి కొట్టిందంటే మనిషి రెండు ముక్కలవుతాడు. అది సరే, దానికి నేను అడ్డు లేకుండా నిలబడగలను. కానీ రోప్ పోతే ఆ కుదుపుకి, ఆ బరువుని బురదలో బ్రేకు ఒక్కటే ఆపలేదు. లారీ జాన్‌బాబుతో సహా డ్రైనులోకి పోతుంది, అతను అడుగున ఉంటాడు. లాగితే తెగుతుంది. వదిలితే జారుతుంది. ఇంకా పన్నెండడుగులు ఉంది. పన్నెండడుగులే కదా, ఎవరికీ చెప్పకుండా మెల్లగా లాగేద్దామా అని కూడా అనుకున్నాను. అనుకున్నానని ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. చెయ్యి లీవరు మీదికి వెళ్ళింది కూడా. మళ్ళీ వెనక్కి తీసుకున్నాను.

మా నాన్నకి ఫోన్ చేశాను. మా ఇంట్లో మాట ఉర్దూ, పని మాటలు మాత్రం, నాన్నని 'అబ్బా' అని పిలవడం తప్ప, మాకు తెలుగులోనే నడుస్తాయి.

"అబ్బా, రోప్ పోతోంది."

"ఎన్ని?"

"ఒక పేట సగం. పక్కది మొదలైంది."

"లోపల మనిషున్నాడా?"

"ఉన్నాడు."

గ్రీసు గురించి ఒక్క మాట అడుగుతాడని చూశాను. అడగలేదు. మా నాన్న తిట్టలేదంటే నాకు ఇంకా భయం వేసింది. "లాగొద్దు, వదలొద్దు. గోనెలు తడిపి రోప్ మీద వెయ్యి, తెగినా ఎగరకుండా ఉంటది. లోడు దించు. నేను కొత్త రోపూ పెద్ద చైనూ ట్రాలీ ఆటోలో వేసుకుని బయల్దేరుతున్నా. గంట పట్టుద్ది. వసీం, ముందెళ్ళి స్టీరింగ్ మీద ఉన్నవాడికి చెప్పు. వేరేవాళ్ళకి కాదు, వాడికి."

ర్యాంపు దిగి కేబిన్ ఎడమ తలుపు దగ్గరికి వెళ్ళాను. అక్కడ జాన్‌బాబు భార్య శౌరమ్మ మెట్టు మీద నిలబడి అతనికి సీసాతో నీళ్ళు అందిస్తోంది. ఆమె చెరకు కొట్టే జట్టులో మనిషి. నడుముకి తువ్వాలు, చేతులకి పాత సాక్సు తొడుక్కుని ఉంది. ఆమె ముందు చెప్పడానికి నోరు రాలేదు. ఆమెను పొమ్మనడానికీ రాలేదు.

"రోప్ తెగేట్టుంది జాన్‌బాబూ. పొద్దున చూడాల్సింది, చూళ్ళేదు. నా తప్పే. కాలు కదపకు. లోడు దించేస్తాం."

అతను నా వైపు తిరగలేదు. అద్దంలోంచి రోప్‌నే చూస్తున్నాడు. "నువ్వు ఏనుగన్నావు గదా భాయ్," అన్నాడు, నెమ్మదిగా. కోపంగా అని ఉంటే బాగుండేది.

శౌరమ్మ మెట్టు దిగి వెనక్కి వెళ్ళి, లారీ ఎడమ పక్క కట్టిన మోకు పట్టుకుని లోడు మీదికి ఎక్కడం మొదలుపెట్టింది.

"దిగమ్మా! అది జారితే నువ్వూ పోతావు!" అని అరిచాను.

"ఆయన లోపలున్నాడు. నేను కిందుండి ఏం జెయ్యాల?" అంది. అని మోకు కోసేసింది.

చెరకు వెంకటరత్నమ్మగారిది కాబట్టి భయపడుతూ ఆమె వైపు చూశాను. ఆమె అప్పటికే గట్టు మీంచి అరుస్తోంది. "ఏంట్రా చూత్తన్నారు? ఎక్కండి! డ్రైన్లో పడెయ్యండి, చేలో పడెయ్యండి, ఎక్కడైనా పడెయ్యండి! మనిషికంటేనా?" ఏడాది పంట అది. పొద్దుటి నుంచీ ఆమెను మనసులో నానా మాటలూ అనుకుంటున్నాను. వాటన్నిటికీ సిగ్గుపడ్డాను.

జట్టులో ఇంకో ఆరుగురు ఎక్కారు. ఒక్కొక్క మోపు పడుతుంటే లారీ కదిలేది. కదిలినప్పుడల్లా అందరూ ఊపిరి బిగబట్టేవాళ్ళు. నేను తడిగోనెలు రోప్ మీద వేసి, దాని మీదే చూపు పెట్టి నిలబడ్డాను. ఇంకో తీగ తెగింది. లోడు ఇంకా సగం కూడా దిగలేదు.

"వసీం భాయ్!" కేబిన్లోంచి జాన్‌బాబు కేక. "కాలు తిమ్మిరెక్కిందయ్యా. తొక్కుతున్నానో లేదో తెల్టంలా!"

నేను పరుగెత్తాను. ధైర్యం ఏమీ లేదు, ఆలోచించే టైము లేదు, అంతే. ఎడమ తలుపులోంచి దూరి, అతని పక్కకి జరిగి, అతని కాలి మీద నా కాలు పెట్టి తొక్కాను. అతని తొడ ఫ్యాను రెక్కలా అదురుతోంది. మెల్లగా తన కాలు లాక్కున్నాడు. బండి ఒక్క బెత్తెడు జారింది. ఇద్దరం ఒకేసారి "దేవుడా" అన్నాం, అతని దేవుణ్ణి అతనూ, నా దేవుణ్ణి నేనూ. ఆగింది. అతను నా మీదుగా పాక్కుంటూ బయటికి వెళ్ళిపోయాడు.

నేను ఒక్కణ్ణే మిగిలాను.

పద్దెనిమిదేళ్ళలో వందల బళ్ళు లాగాను. ఒక్కసారి కూడా ఇటువైపు కూర్చోలేదు. కుడి చేతి పక్కన కిటికీలో ఆకాశం ఉండాల్సిన చోట నీళ్ళు కనబడుతున్నాయి. ఎదురుగా అద్దం, అద్దంలో ఆ రోప్, అది పోయే చోట నా బండి. ఇక్కణ్ణించి చూస్తే ఆ రోప్ ఇంత సన్నగా ఉంటుందని నాకు తెలియదు. కలిమా చదువుదామంటే మధ్యలో మాటలు మరిచిపోయాను, చిన్నప్పటి నుంచీ చదువుతున్నవి. మా అమ్మాయి ఇఫ్రా గుర్తొచ్చింది. నాలుగో తరగతి చదువుతోంది. ఏడ్చాను. ఎవరూ చూడలేదు కానీ ఏడ్చాను.

మా నాన్న వచ్చేసరికి లోడు దిగిపోయింది. పెద్ద చైనుతో లారీని వించ్ బండికి బిగించి, పాత రోప్ ఊడదీసి, వించ్ డ్రమ్ము మీద కొత్తది చుట్టి తగిలించాడు. డెబ్బయ్యేళ్ళ మనిషి, ఎక్కడా తొందర పడలేదు. తర్వాత కేబిన్ దగ్గరికి వచ్చి నా మొహం చూశాడు.

"నేను దిగుతా అబ్బా. జాన్‌బాబు కాలు సర్దుకుంది, అతనికి ఈ బండి అలవాటు," అన్నాను.

"వాడు కూర్చోవాల్సింది కూర్చున్నాడు. ఇప్పుడు నువ్వు," అని వెళ్ళిపోయాడు.

వించ్ మోగింది. చైను వదులైంది, రోప్ బిగిసింది. ఖాళీ లారీ, కొత్త రోప్, లాగేది బడే మియా. ఇక భయపడటానికి ఏమీ లేదని నాకు అందరికంటే బాగా తెలుసు. నాన్న చెయ్యెత్తి, "బ్రేకు తియ్యి!" అన్నాడు.

నా కాలు లేవలేదు.

మళ్ళీ అరిచాడు. కాలు నాది కానట్టుంది. జనం కూడా అరుస్తున్నారు. రోప్ బిగుస్తోంది, లారీ ముక్కు పైకి లేస్తోంది, నేను మాత్రం బ్రేకుని ఇంకా ఇంకా తొక్కుతున్నాను. ఇలా తొక్కితే కొత్త రోప్ అయినా పోతుందని తెలిసి కూడా తొక్కుతున్నాను.

ఎడమ తలుపు తెరుచుకుంది. జాన్‌బాబు మెట్టు మీద నిలబడి ఉన్నాడు.

"దిగు! నీకేం పనిక్కడ?" అన్నాను.

"నేను దిగితే నువ్వు కాలు తియ్యవు," అన్నాడు. మెట్టు మీదే ఉండి, లోపలికి వంగి నా మోకాలి మీద చెయ్యి వేశాడు. "తియ్యన్నా. నేనిక్కడే ఉంటా."

తీశాను.

లారీ మెల్లగా, మట్టిని చప్పరిస్తున్నట్టు చప్పుడు చేస్తూ, పన్నెండడుగులూ ఎక్కింది. ముందు చక్రాలు తారు రోడ్డు మీదికి వచ్చాయి, తర్వాత వెనకవి. నేను కిందికి దిగి నిలబడలేక అక్కడే రోడ్డు మీద కూలబడ్డాను. చేతులు, గడ్డం, మోకాళ్ళు, అన్నీ వణుకుతున్నాయి. ఎవరో సోడా తెచ్చి ఇచ్చారు. పట్టుకోలేక వదిలేశాను.

శౌరమ్మ నా ముందుకు వచ్చి నిలబడింది. చెరకాకు కోసి చేతులంతా గీతలు. నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టినా పడదామనే అనుకున్నాను. ఆమె నా వణుకుని కాసేపు చూసింది.

"ఇంత భయం ఉందా నీకు?" అంది. "మరి పొద్దున మావోణ్ణి కూర్చోబెట్టి లాగినప్పుడు ఎక్కడ పెట్టావ్ దీన్ని?"

ఆమె మొగుడి చెయ్యి పట్టుకుని, కుంటుతున్న అతన్ని నడిపించుకుంటూ గట్టు వెంట ఊళ్ళోకి వెళ్ళిపోయింది.